ఒంటి చుక్క డిస్కు

పోయిన వారం ఒకమ్మాయి ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగి, తెల్లకర్ర తట్టుకుంటూ, దారిలో నలుగురిని అడిగి మా ఇల్లు పట్టుకుంది. తలుపు తీసి "ఎవరమ్మా?" అన్నాను. ఆ ఒక్క మాటకే ఆమె ముఖం విప్పారింది.

"మీరేనా సీడీలమ్మ? సైన్సు పాఠం సదివినోళ్ళు?"

"నేనే. లోపలికి రా."

కూర్చోగానే చేతిసంచీలోంచి ఒక కాగితం కవరు తీసి నాకిచ్చింది. "ఇది సార్‌ది. అప్పట్ల వాపస్ ఇయ్యలే. సార్ పోయిన్రని మొన్ననే ఎరుకైంది. ఎవ్వరికియ్యాల్నో తెల్వక మీకు తెచ్చిన."

కవరులో సీడీ ఉంది. మధ్య కన్నం చుట్టూ గాజులాంటి వలయం ఉంటుంది కదా, దాని మీద వేలు తిప్పాను. ఒకే ఒక్క చుక్క తగిలింది. గోళ్ళరంగు చుక్క, ఎండి గట్టిపడి, గసగస గింజంత ఉంది. మంచినీళ్ళు తెస్తానని లేచినదాన్ని మళ్ళీ కూర్చున్నాను.

సార్ అని ఆమె అన్న మనిషిని నేను మాష్టారూ అనేదాన్ని. ఆ పిలుపు ఆయనకు గిట్టేది కాదు. "మాష్టారంటే పంచె కట్టాలె, పొడుం పీల్చాలె. నేను పాంటు తొడుక్కున్న. సార్ అను" అనేవాడు. నేను మార్చుకోలేదు, ఆయనా మానలేదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ముప్పైయేళ్ళు హైదరాబాదులో ఉన్నా నా పిలుపులు మారలేదు. పోచంపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆయన మాటా మారలేదు.

ఆయన సర్కారు జూనియర్ కాలేజీలో చరిత్ర లెక్చరర్. పుట్టుకతోనే చూపు లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందులో, వాళ్ళన్నగారి ఇంటి కింది గదిలో ఉండేవాడు. ఆ కోచింగ్‌లకు చూపులేని పిల్లలు కూడా వచ్చేవారు. అక్కడి మాస్టర్లు నల్లబల్ల మీద రాసి "దీన్ని దీంతో కలిపితే ఇది వస్తుంది" అని దాటిపోయేవారు. ఏది దేంతో కలిసిందో తెలియక ఆ పిల్లలు ఈయన గదికి చేరేవారు. కొలువు పరీక్షల పుస్తకాలన్నీ చదివించి, సీడీల మీదికి ఎక్కించి వాళ్ళకు ఇవ్వడం ఆయన పెట్టుకున్న పని. చదవడానికి గొంతులు కావాలని లైబ్రరీలో చీటీ అంటించాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో రిటైరై ఖాళీగా ఉన్న నేను అది చూసి వెళ్ళాను.

మొదటి రోజు సాయంత్రం గది చీకటిగా ఉంది. ఎవరూ లేరనుకుని వెనుదిరగబోతూ "ఏమండీ, ఎవరైనా ఉన్నారా?" అన్నాను.

"అయ్యో, లైటు! మరిచిన" అన్న మాట, స్విచ్చు చప్పుడు కలిసి వినిపించాయి. తరువాత తల ఒక పక్కకు వంచి, "నువ్వు ఎక్స్ఛేంజిల చేసినవు గదా అక్కా? ‘లైన్లో ఉండండి’ అనే గొంతు ఇదే. నన్నెంతసేపు లైన్ల నిలబెట్టినవో ఎరుకేనా?" అన్నాడు.

అంతే, అక్కనైపోయాను.

చదవడమంటే తేలిక అనుకున్నాను. సైన్సు పుస్తకంలో గుండె దగ్గరకు వచ్చి "బొమ్మ చూడండి" అని చదివి పేజీ తిప్పాను. ఆయన రికార్డింగు ఆపేశాడు.

"సూడుమన్నడు గదా. సూసి చెప్పు మరి."

"గుండెకు నాలుగు గదులుంటాయి" అన్నాను.

"గదులంటే ఎట్ల? పక్కపక్కనా, ఒకదాని మీద ఒకటా? తలుపులు ఎటు తెరుచుకుంటయి? గోడలన్నీ ఒక్క మందమేనా?"

నేను జన్మలో ఆ బొమ్మను అలా చూడలేదు. కళ్ళజోడు సవరించుకుని, పేజీ దగ్గరికి తెచ్చుకుని, రెండు గదులు మేడ మీద, రెండు కింద అని మొదలుపెట్టాను. ఎడమవైపు కింది గది గోడ అన్నిటికంటే మందంగా ఉందని గమనించి చెబితే, ఆయన "ఎందుకు మందం? ఊరంత దూరం తోయాలె గదా నెత్తురును!" అని సంబరపడ్డాడు. ఆ రోజు డైరీలో "గుండె చూశాను" అని రాసుకున్నాను. కళ్ళున్నది నాకు, చూడడం నేర్పింది ఆయన.

ఆయన కంప్యూటరుకు తెర లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు బల్ల కింద, మంచం వెనక వెతికేవారు. "తెర ఎందుకు? కరెంటు దండుగ" అనేవాడు. లోపల నడిచేది లైనక్స్. డబ్బు కట్టకుండా దొరికే వ్యవస్థ, లోపలి రాత కూడా ఎవరైనా తెరిచి చదవచ్చు, మార్చుకోవచ్చు. ఆయన ప్రతి పనీ అక్షరాలు టైపు చేసి చెప్పేవాడు. టైపు చేసిన ప్రతిదాన్నీ అది ఇంగ్లీషులో, ముక్కుతో, జ్వరం తగిలిన చిలకలా తిరిగి చదివేది. ఆ వేగానికి నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆయన చిలకకు అడ్డం తగిలి "ఆగవే, ఇన్న, ఇన్న" అని విసుక్కునేవాడు.

"అందరూ వాడేదే కొనుక్కోవచ్చుగా మాష్టారూ?" అని ఒకసారి అడిగాను.

"కొనుక్కున్నదానికి తాళం కంపెనీవోని దగ్గర ఉంటదక్కా. మాట్లాడే సాఫ్టువేరుకే నా జీతం వోతది. దీనికి తాళమే లేదు. పాడైతే నేనే ఇప్పి సూస్త. నాకు రాకుంటే ఏ దేశంలనో ఎవడో ఇప్పి సూసి జవాబు రాస్తడు. వాని మొఖం నాకు తెల్వది, నా మొఖం వానికి తెల్వది. ఇద్దరం సమానం."

సీడీలు రాయడం ఆయన చేస్తుంటే చూడాలి. చెరిపి మళ్ళీ రాసుకునే రకం సీడీలే వాడేవాడు. ఒక పాఠం అయ్యాక పిల్లలు దాన్ని తెచ్చిస్తేనే తరువాతి పాఠం. గుర్తు కోసం వలయం మీద గోళ్ళరంగు చుక్కలు: సైన్సుకు రెండు, చరిత్రకు మూడు. కాగితం అంటిస్తే తిరిగేటప్పుడు డిస్కు ఊగుతుందట. ఆ గోళ్ళరంగు ఆయనే వెళ్ళి కొనుక్కొచ్చేవాడు. లేడీస్ ఎంపోరియం కుర్రాడు "ఏ కలర్ ఇయ్యాలె సార్?" అంటే, "ఎండినంక గట్టిగుండే కలర్ ఇయ్యి" అన్నాడట.

ముందు చేతులు కడుక్కుని తువాలుతో తుడుచుకుంటాడు. డిస్కును అంచులతో మాత్రమే పట్టుకుంటాడు. చెరపమని చెబుతాడు. తరువాత ఉత్తుత్తి రాత. లేజరు వెలిగించకుండా, అన్ని పనులూ రాసినట్టే చేసి చూసే పద్ధతి ఒకటుంది, దాని పేరు డమ్మీ. అది సజావుగా సాగితేనే అసలు రాత. రాశాక ఆ డిస్కును మళ్ళీ చదివించి, ముక్క ముక్కా అసలుతో సరిపోల్చడం. ఇదంతా అయితే గానీ చేయి దాటనిచ్చేవాడు కాదు. "పరీక్ష ముంగట పాఠం నడుమ గర్రుమంటే పిల్లలకు గుండె ఆగుతది" అనేవాడు.

ప్రతి డిస్కు మొదట్లో తన గొంతు కాస్త పెట్టేవాడు: "పాఠం మొదలైతున్నది. తొందరలేదు. సమజ్ కాకుంటే ఎనక్కి పో, ఎవ్వరేమనరు."

రాత నడుస్తున్నంతసేపూ ఎడమ అరచేయి కంప్యూటరు డబ్బా మీద ఆనించి, లోపల డిస్కు తిరిగే తీరు చేత్తో వినేవాడు. కుడిచేతి వేళ్ళు బల్ల మీద ఏదో వాయించేవి. తబలా కాదు. టక్కు, ఠకఠక, టక్కు, ఠకఠక, ఉన్నట్టుండి ఒక ఆగు. మళ్ళీ టక్కు, ఠకఠక. తరగతిలో డెస్కు మీద కూడా అదే వాయించేవాడని పిల్లలు చెప్పుకునేవారు. ఒకరోజు అడిగాను, ఏమిటా దరువు అని.

అలమరలో చెయ్యి పెట్టి ఒక డిస్కు తీశాడు. దానికి ఒకటే చుక్క. "ఇది మా నాయిన ఫోటో" అన్నాడు.

పెట్టి వినిపించాడు. గుంట మగ్గం చప్పుడు. నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు, పలక వచ్చి పోగును తట్టే చప్పుడు, మధ్యమధ్య ఒక ముసలాయన దగ్గు. ఇంట్లో మగ్గం విప్పేసే ముందు, తండ్రి నేసిన ఆఖరి చీర దగ్గర కూర్చుని, డిస్కు నిండేంతసేపు రికార్డు చేసుకున్నాడట. ఆ తరువాత మగ్గమూ లేదు, తండ్రీ లేడు.

"గీ ఆగు ఇన్నవా? చిటికి చీరెల పోగుకు ముందే రంగేస్తరు. నేసేటప్పుడు పువ్వు పువ్వుకు కలవాలె. కొన్ని పోగులు నేసి ఆగి, యేలుతోని జర అటో ఇటో జరిపి, కలిసిందా లేదా సూసుకుంటడు. గీ ఆగుల మా నాయిన మొఖం ఎట్లుంటదో నాకు తెలుసు."

ఇక ఉద్యమం. కాలేజీ లెక్చరర్ల శిబిరం ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఉండేది. పొద్దంతా అక్కడ కూర్చుని నినాదాలిచ్చి, గొంతు బొంగురుపోయి సాయంత్రానికి వచ్చేవాడు. మా బంధువులు కొందరు నన్ను ఆ గదికి వెళ్ళొద్దన్నారు. ఒకరోజు నేనే అడిగేశాను: "మాష్టారూ, రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారా?"

"నువ్వు వోతే గుండె బొమ్మ ఎవ్వడు సూసి చెప్తడు? కూసో. పేజీ తియ్యి."

నా యాస మీద మాత్రం కనికరం లేదు. "పిల్లలు నీ పాఠం ఇని, ‘ఏవండీ, కిరణజన్య సంయోగక్రియండీ’ అని మాట్లాడుతున్రు. తెలంగాణ వచ్చినంక వీళ్ళకు నౌకరి ఎట్లిస్తరు?" అనేవాడు. సమ్మెలో ఉన్నవాడివి పాఠాలెలా చెబుతావని తోటి లెక్చరరొకరు దెప్పితే, "సమ్మె సర్కారుతోని. పిల్లలతోని నాకేం పంచాయితి?" అన్నాడు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు నిలిచిపోయాయి. దుకాణాలు మూతపడ్డాయి. బొగ్గు రాక కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. పండగలకు ఇళ్ళకెళ్ళిన పిల్లల దగ్గర డిస్కులన్నీ పల్లెల్లోనే చిక్కుకున్నాయి. ఆ మధ్యాహ్నం ఈ అమ్మాయి వచ్చింది. హాస్టలు ఖాళీ చేయిస్తున్నారు. ఎల్‌బీ నగర్ నుంచి నల్గొండ వైపు పోయే కూరగాయల డీసీఎం వ్యానులో ఆమె అన్న చోటు సంపాదించాడు. టీచరు పరీక్ష వాయిదా పడుతుందని అందరూ అంటున్నారు, గట్టిగా ఎవరూ చెప్పడం లేదు. ఆమెకు ఇంకా అందని పాఠం సైన్సులో ఆఖరిది. అంతకుముందు రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఇంట్లో చదువు మాట ఎత్తనివ్వరు.

"ఖాళీ డిస్కు లేదంటే పోతా సార్. అన్న సందు మొగదల బండి ఆపిండు. వాడు ఆగడంట."

"ఆగు బిడ్డా. ఒకటున్నది. నువ్వు అరుగు మీద కూసో."

ఆయన చెయ్యి అలమరలోకి పోయింది. ఒంటి చుక్క డిస్కు. నేను లేచి నిలబడ్డాను.

"మాష్టారూ, దాన్ని ముందు కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి."

"మెల్లగ మాట్లాడు, పిల్ల ఇంటది." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "కాపీ ఉండె. ఎండాకాలంల హార్డు డిస్కు కాలిపోయింది గదా, దాంతోని పాయె. మల్ల చేద్దాం చేద్దామనుకున్న. పాఠాలల్ల వడి మరిచిన."

పిల్లల డిస్కును ముక్క ముక్కా సరిచూసే మనిషి, తన డిస్కు సంగతి మరిచిపోయాడు.

"ఇప్పుడు చేయండి!"

"కరెంటు పోయిందక్కా. యూపీఎస్ కూత ఇంటలేవా? కాపీకన్నా సరిపోతది, రాతకన్నా సరిపోతది. రెంటికి సరిపోదు."

"కరెంటు వస్తుంది. కాసేపు చూడండి."

"కరెంటొస్తది. బండి వోతది."

"మీ నాన్నగారి..." అన్నాను.

"మా నాయినున్నా గిదే చెప్తుండె. నేసిన చీరె మగ్గం మీదనే పెట్టుకొని కూసుంటే ఎవ్వరు కట్టుకుంటర్రా, దించు అనేటోడు."

చేతులు కడుక్కున్నాడు. తువాలుతో తుడుచుకున్నాడు. బొటనవేలితో ఆ చుక్కను ఒకసారి తడిమి, డిస్కు లోపల పెట్టాడు. "ఇయ్యాల డమ్మీ లేదు. సీదా అసలుదే." టైపు చేశాడు. చిలక చదివింది. ఎంటర్ కొట్టే ముందు ఒక్క క్షణం ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. అలాంటి చెయ్యిని నేను మళ్ళీ చూడలేదు.

చెరపడం అయిపోయింది. రాత మొదలైంది. ఎడమ అరచేయి డబ్బా మీద, కుడిచేతి వేళ్ళు బల్ల మీద. టక్కు, ఠకఠక. లోపల తండ్రి మగ్గం మీద నా గొంతు పరుచుకుంటూ పోతోంది, బయట ఆయన వేళ్ళు ఆ మగ్గాన్నే నేస్తున్నాయి. యూపీఎస్ కూత దగ్గరదగ్గరగా పడసాగింది. సందు చివర హారను మోగింది. రాత ముగిసింది. "ఇచ్చేయండి" అన్నాను.

"సదివి సూడకుండ ఎట్లిస్త?"

సరిపోల్చడం కూడా నడిపించాడు. చిలక "ఓకే" అన్నదో లేదో యూపీఎస్ చచ్చిపోయింది. డిస్కు లోపలే ఉండిపోయింది. ఆయన నవ్వాడు.

"అక్కా, నీ చీరెకు పిన్నీసున్నదా?"

కొంగుకున్న పిన్నీసు తీసిచ్చాను. దాన్ని సాపు చేసి, డ్రైవు ముఖాన సూదిబెజ్జమంత రంధ్రం ఉంటే అందులో గుచ్చి నెట్టాడు. అర కొద్దిగా బయటికి జరిగింది. వేలితో లాగి, డిస్కు తీసి, కవరులో పెట్టి, అరుగు మీదికి వెళ్ళి అమ్మాయి చేతిలో పెట్టాడు. "పాస్ గాకపోతే రాకు. పాసైతే మిఠాయి లేకుండ రాకు." ఆమె నవ్వుకుంటూ కర్ర తట్టుకుంటూ పరుగులాంటి నడకతో పోయింది.

నేను కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయనే అన్నాడు: "అంత పోలేదక్కా. నేను చేసింది ఫాస్టు. మొదట్ల ఏది ఎక్కడున్నదో చెప్పే పట్టికనే చెరుపుతది. డిస్కు లోపటి నుంచి అంచుకు రాసుకుంట వోతది. నీ పాఠం సగం దూరానికే అయిపాయె. అంచుకు మా నాయిన ఇంక నేస్తనే ఉన్నడు. పట్టిక లేదు గావట్టి దారి దొరకది, గంతే." "పిల్లకు చెప్పకు. పరీక్ష బరువు చాలు దానికి" అన్నాడు.

ఆ డిస్కు తిరిగి రాలేదు. ఆయన ఎన్నడూ అడగలేదు. నేను ఒకసారి ఎత్తితే, "తిరిగి రాలేదంటే ఆ పిల్లకు ఇంకో పాఠం అక్కర పడలేదన్నట్టు. మంచిదే గదా" అన్నాడు. రాష్ట్రం వచ్చిన రోజు జిలేబీ పొట్లంతో మా ఇంటికి వచ్చి, "అక్కా, ఇగ నువ్వు పరదేశివి. రేపు పాఠానికి టైముకు రా" అన్నాడు. పిల్లల చేతుల్లోకి మాట్లాడే ఫోన్లు వచ్చి డిస్కులు మూలపడ్డాక కూడా, ఆ గదికి వెళితే ముందు లైటు స్విచ్చు చప్పుడు వినిపించేది. ఈ మార్చిలో అది ఆగింది.

అమ్మాయి తన పాత ప్లేయరు కూడా తెచ్చింది. పెట్టి మీట నొక్కింది. "పాఠం మొదలైతున్నది. తొందరలేదు. సమజ్ కాకుంటే ఎనక్కి పో, ఎవ్వరేమనరు." తరువాత నా గొంతు, అప్పటి గొంతు, నాడీమండలం గురించి వివరంగా చెప్పుకుంటూ పోయింది. పాఠం అయిపోయింది. ప్లేయరు నిశ్శబ్దమైంది.

"ఈ పాఠంతోనే పాసైన" అన్నదామె. "మిఠాయి తీసుకొని వద్దామనే ఉంటి. నౌకరి ఆదిలాబాద్‌ల ఇచ్చిన్రు, పెండ్లాయె, పిల్లలైరి. ఇగ వస్త, అగ వస్త అనుకుంట..."

ఆయన చెప్పొద్దన్నది పరీక్ష వరకే అనుకున్నాను. ఆమె వేలు పట్టుకుని డిస్కు అంచు మీద పెట్టాను. "ఇక్కడ సార్ వాళ్ళ నాన్నగారి మగ్గం చప్పుడుంది. నీ పాఠం కోసం దాని మీద రాశారు. ఇక వినబడదు."

ఆమె అంచు వెంబడి వేలు తిప్పింది. నున్నగా ఉండే అంచే. చాలాసేపు తిప్పింది. కళ్ళు తుడుచుకుంది. తరువాత చేయి తీసి, నా టీపాయ్ మీద వేళ్ళు ఆనించింది.

"మగ్గమంటే గిదా అమ్మా? సార్ బల్ల మీద కొట్టేటిది? మేమందరం నేర్సుకున్నం. మా బడిల పాఠం మొదలువెట్టే ముందు నేను గూడ గిదే కొడుత. పిల్లలు సప్పుడు జేయకుండ కూసుంటరు."

టక్కు, ఠకఠక. టక్కు, ఠకఠక. టక్కు.

ఆగింది.

"సార్ గిక్కడ ఆగుతుండె. ఎందుకో తెల్వది. నేను గూడ ఆగుత" అన్నది.

ఆమె చూపుడువేలు టీపాయ్ మీద, పోగును సర్దినట్టు, కాస్త పక్కకు జరిగింది. వేళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.